పోలమ్మ కారుకి ఆల్టర్నేటర్

బల్ల మీద రెండు ఆల్టర్నేటర్లు ఉన్నాయి. చూడండి. చూసి, ఏం కనిపించిందో చెప్పండి. మెకానిక్కుల గొడవ మనకెందుకని తల తిప్పుకోకండి. ఇంజను తిరిగినంతసేపూ దాని బెల్టు పట్టుకుని తానూ తిరిగి, కరెంటు పుట్టించి, బ్యాటరీకీ దీపాలకీ తిండి పెట్టే యంత్రం అది. మొదటిది పెద్దది, పెట్టెలోంచి అప్పుడే తీసింది. ఎంత కరెంటు ఇవ్వగలదో ఒంటి మీద పెద్ద అంకె కొట్టి ఉంది. రెండోది ఏదో బండిలోంచి ఊడదీసి, లోపల తీగ మళ్లీ చుట్టి, బేరింగులు మార్చి బాగుచేసింది. దాని అంకె చిన్నది, అదీ సగం చెరిగిపోయింది. పెద్దదే మేలనిపించింది కదూ? నూకరాజుకీ అలాగే అనిపించింది.

నర్సీపట్నం నుంచి కొండల మీదికి వెళ్లే రోడ్డు పక్కన కొమ్మోజు అప్పలాచారి షెడ్డు ఉంది. నూకరాజు అక్కడే పని నేర్చుకుని, పెళ్లి చేసుకుని, అక్కడే ఉండిపోయాడు. ఆ రోజు షెడ్డులో ఉన్నది పోలమ్మ అంబాసిడర్. మొగుడు పోయాక స్టీరింగు ఆమె పట్టుకుంది. ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో చెప్పాల్సిన మీటరు ఎప్పుడో ఆగిపోయింది, బండి మాత్రం ఆగలేదు. కొండ మీద రోడ్డు అయిపోయే చోటిదాకా వెళ్లి, పై గూడేల నుంచి డోలీలో మోసుకొచ్చే నెలలు నిండిన ఆడవాళ్లను ఆసుపత్రికి చేర్చడం ఆమె పని. అంబులెన్సు లేదా అని అడగకండి. ఆ గూడేలవాళ్లు అడిగి అడిగి నోళ్లు నొప్పెట్టి ఊరుకున్నారు.

పాత ఆల్టర్నేటర్ ఆ పొద్దుటే కాలిపోయింది. పోలమ్మ షెడ్డులో ఉండగానే పైనుంచి కబురొచ్చింది. వంతల లచ్చిమికి నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగిందంటున్నారు, డోలీ కడుతున్నాం అని.

"గురువుగారూ, ఇంత తిరిగిన బండికి ఏది వెయ్యాలి?" అని అడిగాడు నూకరాజు.

"నీకేది మేలనిపిస్తోంది?"

"బండి ముసలిది కదండీ. దన్ను పెద్దదుండాలి."

"అయితే అదే వెయ్యి. వేసి నువ్వూ బండెక్కు."

అది ఆ షెడ్డు ఆచారం. ముఖ్యమైన సామాను ఏది మార్చినా, మార్చిన చెయ్యి ఆ బండితోపాటు మొదటి ప్రయాణం చెయ్యాలి. ఆచారికి అన్నీ ముందే తెలుసనుకోకండి. పోలమ్మ బండిని ఎన్నోసార్లు విప్పినవాడే గానీ, అది పైన ఏం చేస్తుందో ఆయనా చూసినవాడు కాదు.

నూకరాజు బ్రాకెట్టు కొంచెం కోసి పెద్దదాన్ని ఇరికించి, బెల్టు బిగించాడు. పోలమ్మ బానెట్టులోకి తొంగిచూసి, "ముసలిదానికి కుర్ర పెళ్లికొడుకుని తెచ్చావేటిరా," అంది.

"నడిపి చూసి మాటాడక్కా."

నడిపింది. మిట్టమధ్యాహ్నమే అయినా మబ్బు కమ్మేసి వాన దంచుతోంది. దీపాలు వేస్తే తెల్లగా భగ్గుమన్నాయి. ఘాటు రోడ్డులో రెండు మలుపులు తిరిగాక పోలమ్మ "బాగుందిరా" అంది. నూకరాజు సీటులో కాస్త వెనక్కి వాలాడు.

తారు అయిపోయిన చోట ఆమె కారు తిప్పి, ముక్కును కొండ వైపు పెట్టి ఆపింది. ఇంజను ఆపలేదు. ఆపితే ఆ ముసలిది మళ్లీ అందుకుంటుందన్న నమ్మకం లేదు. దీపాలూ తియ్యలేదు.

"లైట్లు తీసెయ్యక్కా. ఎదురుగా గడ్డి తప్ప ఏటుంది?"

"మనం చూడ్డానికి కాదురా. వాళ్లకి."

పొగమంచులో కొండ లేదు, దారి లేదు. పైనుంచెక్కడో ఒక కేక వినిపించింది. పోలమ్మ కారు దిగి తిరుగు కేక వేసింది. అప్పుడే నూకరాజు గమనించాడు. దీపాల తెలుపు పచ్చబడుతోంది, ఆ పసుపు ఎరుపెక్కుతోంది. పెద్ద బళ్ల వేగానికి చేసిన యంత్రం అది, ఇంజను పరుగు మీద ఉంటేనే దానికి ఊపు. ఊరికే నిలబడి గుడగుడలాడే ఇంజను మీద దాని పెద్ద అంకె ఎందుకూ కొరగాలేదు. బ్యాటరీ చూస్తే, పాతది కాలిపోయిన పొద్దుటే సగం ఖాళీ.

"ఏటిరా ఇది? మా పాతది ఎంతసేపు నిలబెట్టినా ఇలగ చెయ్యలేదే."

అతను ఆక్సిలేటరు తొక్కాడు. దీపాలు లేచాయి. కాసేపటికి రేడియేటరు మూత దగ్గర ఆవిరి కక్కింది. కాలు తీశాడు, దీపాలు కుంగాయి. పైనుంచి మళ్లీ కేక. ఈసారి మాటలు తెలిశాయి: "దీపం పోయింది! వాగు కనబడ్డం లేదు, ఆగిపోయాం!"

నూకరాజు వానలోకి దూకాడు. వైపర్లు ఆపించాడు. ఒక దీపం తీగ పీకేశాడు. ఉన్న కాస్త కరెంటూ ఒక్కదానికే మిగిల్చి, వేలితో తట్టినంత మెత్తగా ఆక్సిలేటరు మీద కాలు పెట్టమని పోలమ్మకు చెప్పి, దీపం పక్కనే నిలబడ్డాడు. ఒంటికన్నుతో కారు కొండను చూస్తోంది.

చాలాసేపటికి మంచులోంచి ఒక వెదురుబొంగు కొస బయటికొచ్చింది. తర్వాత దాని కింద ఊగుతున్న దుప్పటి. తర్వాత మోసేవాళ్లు, వాళ్ల వెనక తాటాకు గొడుగులు పట్టిన ఆడవాళ్లు. మోకాళ్లదాకా బురద. కాలు జారితే లోయ. అయినా ఒక్కరూ కాళ్ల వంక చూడటం లేదు. రాయినీ నీటినీ కాళ్లకు వదిలేసి, అందరూ తలెత్తి ఈ ఒక్క దీపాన్నే చూస్తూ దిగుతున్నారు. గర్భగుడి తలుపు తీసినప్పుడు జనం లోపలి దీపాన్ని చూసే చూపు నూకరాజు ఎరుగును. అతనూ ఆ జనంలో నిలబడినవాడే. కానీ దీపం పక్క నిలబడి, ఆ చూపును ఎదురుగా ఎన్నడూ చూడలేదు.  చేతులు జోడించబోయి, నూనె చేతులని గుర్తొచ్చి, లుంగీకి తుడుచుకుంటూ అలాగే ఉండిపోయాడు.

"చూస్తా నిలబడ్డావేటిరా, తలుపు తియ్యి," అంది పోలమ్మ.

లచ్చిమిని వెనక సీటులో పడుకోబెట్టారు. ఘాటు దిగేటప్పుడు ఇంజను పరుగందుకుంది, దీపం మళ్లీ తెల్లగా వెలిగింది. ఆ తెలుపును చూస్తే నూకరాజుకు సిగ్గేసింది. ఆసుపత్రిలో కోత పెట్టి బిడ్డను తీశారు. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదని లోపల్నుంచి వచ్చిన నర్సమ్మ చెప్పింది.

మర్నాడు షెడ్డులో నూకరాజు జరిగిందంతా చెప్పాడు. ఆచారి విన్నాడు. వాగు దగ్గర ఆగిపోయారన్న మాట దగ్గర ఆయన చేతిలోని టీ గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది. 

నూకరాజు పెద్దదాన్ని విప్పాడు. బాగుచేసిన చిన్నదాన్ని బిగించాడు. ఇంజను వేసి, ఒక్కసారి కూడా ఆక్సిలేటరు తొక్కకుండా, దాని మానాన దాన్ని గుడగుడలాడనిచ్చాడు. దీపాలు, వైపర్లు, లోపలి ఫ్యాను అన్నీ వేశాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత కారు వదిలేసి, రోడ్డు వెంబడి నడుచుకుంటూ పోయి, చివర చింతపండు గోదాము దగ్గర ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. అక్కడినుంచి బండి కనిపించడం లేదు. వానలో రెండు దీపాలు మాత్రం కదలకుండా నిలబడి ఉన్నాయి.

ఆచారి గొడుగు వేసుకుని వచ్చి అతని పక్కన నిలబడ్డాడు. ఆయన కూడా ఆ దీపాల్ని చాలాసేపు చూశాడు.

"పరుగులో ఎంతిస్తుందో దాని ఒంటి మీదే రాసుంటుందిరా," అన్నాడు. "ఊరికే నిలబడ్డప్పుడు ఎంతిస్తుందో..."

అంతే. గొడుగు శిష్యుడి చేతిలో పెట్టి, తడుస్తూ వెనక్కి నడిచాడు.

మరి మీ మాటేమిటి? ఎవరో దిగి వచ్చేదాకా, కదలకుండా నిలబడాల్సి వచ్చిన వేళ, మీరు ఎంతిస్తారు?