రాజుగారి చేలో మన్ను దొంగ

ఒకానొక రాజ్యంలో, కొండవాలు చేలకు ఎదురుగా కోట కట్టుకుని, శరభ భూపతి అనే రాజు ఉండేవాడట. ఆయనకు తన నీడ మీద కూడా అనుమానమే. పాలలో నీళ్లు కలుపుతారేమోనని గేదెను ఎదుటే పితికించుకునేవాడు, పితుకుతున్నంతసేపూ గేదె మొహంకేసే చూసేవాడు.

ఆ కొండవాలు మీద రాజుగారి సొంత చేనొకటి ఉంది. దాన్ని ఓబన్న అనే రైతు కౌలుకు చేసేవాడు. ఆ చేలో రాజు తన సింహం గుర్తు చెక్కిన రాతికంబం పాతించాడు. పాతిన నాడు సింహం కాళ్ల దాకా మన్నుండేది. కొన్నేళ్లకు సింహం కింద జానెడు మొరటురాయి బయటపడింది.

ప్రభువుల కీర్తితో పాటు కంబమూ పెరుగుతోందన్నాడు మంత్రి. రాజుకు ఆ మాట నచ్చింది గాని, అన్నం ముందు కూర్చోగానే అనుమానం పుట్టింది. రాయెక్కడైనా పెరుగుతుందా? పెరగలేదంటే మన్నే తగ్గింది. తగ్గిందంటే ఎవడో ఎత్తుకుపోతున్నాడు.

ఇక చూడాలి ఆయన అవస్థ. చేను చుట్టూ కాపలా పెట్టాడు. కూలికొచ్చిన ఆడవాళ్ల గంపలు బోర్లించి చూడమన్నాడు. ఇంటికి పోయేవాళ్లంతా గట్టు మీద కాళ్లు కడిగి, ఆ నీళ్లు చేలోనే పొయ్యాలన్నాడు. ఎద్దుల గిట్టలు సైతం గీకించాడు. అయినా వానలు పడ్డకొద్దీ సింహం పైపైకి వస్తూనే ఉంది.

చివరికి ఓబన్నను సభకు పిలిపించి, దొంగను పట్టివ్వకుంటే చేనే కాదు, ఊరు కూడా వదిలి పొమ్మన్నాడు. ఆ చేను తప్ప అతనికీ పిల్లలకూ వేరే దిక్కు లేదు.

అప్పుడు సభలో చమత్కారి అని పేరున్న పేరయ్య లేచి, దొంగను తాను చూపిస్తానన్నాడు. రాజు కళ్లు చికిలించాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే వీడికీ వాటా ఉందేమో.

"దొంగ సంగతి సరే ప్రభూ, వాడికి దారి తీసినవాడుంటే ఏం శిక్ష?" అని అడిగాడు పేరయ్య.

"పోయిన మన్నంతా వాడే నెత్తిన మోసుకొచ్చి చేలో పొయ్యాలి. మా మాటకు తిరుగులేదు."

మర్నాడు జోరుగా వాన. పేరయ్య రాజును, మంత్రిని, ఓబన్నను చేను దిగువకు తీసుకెళ్లి, రాజుగారి ఉత్తరీయం ఇమ్మన్నాడు. ఇదీ పోతుందేమోనని రాజు ఒక కొస పట్టుకునే ఇచ్చాడు. దాన్ని రెండు పుల్లలకు కట్టి, ఒక నాగటి సాలుకు అడ్డంగా నిలిపాడు పేరయ్య. ఎర్రనీళ్లు ఉరికి వచ్చాయి. కాసేపటికి గుడ్డ మూటలా వేలాడింది. విప్పి చూస్తే ఒడిలో పట్టనంత మెత్తటి మన్ను.

"వీడే దొంగ ప్రభూ. కాపలావాళ్ల కళ్లెదుటే పోతున్నాడు."

"వాన మా తాతల నాడూ కురిసింది. అప్పుడు పోని మన్ను ఇప్పుడెందుకు పోతోంది?" అంటూ రాజు ఓబన్నను అనుమానంగా చూశాడు.

సాళ్లు పైనుంచి కిందికి తిన్నగా ఎందుకున్నాయని పేరయ్య ఓబన్ననడిగాడు. ఓబన్న తడబడుతూ చెప్పాడు. మునుపు వాననీళ్లు సాళ్లలోనే నిలిచేలా వాలుకు అడ్డంగానే దున్నేవాడట. కంబం పాతిన ఏడాదే కోట నుంచి ఆజ్ఞ వచ్చింది, మేడ మీంచి చూస్తే సాళ్లన్నీ ప్రభువులకు సాష్టాంగపడినట్టు కనబడాలని.

"ఎవరి ఆజ్ఞ?" అన్నాడు రాజు. అనేసి నాలుక కరుచుకున్నాడు.

మంత్రి తన గొడుగు ఊచలు లెక్కపెట్టుకుంటున్నాడు. రాజు అటు చూశాడు, ఇటు చూశాడు. అనుమానించడానికి మరో మనిషి దొరకలేదు. పేరయ్య మాత్రం మన్ను నింపిన గంపను తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

ఇచ్చిన మాట కదా, రాజు గంప ఎత్తుకున్నాడు. సగం వాలు ఎక్కేసరికి కాలు జారి బురదలో కూలబడ్డాడు. కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పేరయ్యా, పోయినదంతా మొయ్యాలంటే మా ఏడు తరాలు చాలవురా. ఉన్నదైనా నిలిపే దారి చూడు." అడ్డంగా దున్నుకుని రాతిగట్లు వేసుకొమ్మని, చేను ఓబన్నకే రాసిచ్చాడు. అంతలో మళ్లీ అనుమానం తొంగిచూసింది. "అవునుగాని, ఇదంతా తెలిసీ నిన్న సభలోనే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తమరు నమ్మేవారా ప్రభూ?"

రాజు నిజాయితీగా ఆలోచించాడు. "నమ్మేవాణ్ణి కాదు," అని తన బంగారు కడియం తీసి పేరయ్య చేతికి తొడిగాడు.

వాన వెలిసి నేల పదునుకు రాగానే ఓబన్న అరక అడ్డంగా తిప్పాడు. మేడ మీంచి రాజుగారు చూస్తే, సాళ్లన్నీ ఆయన వైపు తిరగకుండా హాయిగా పక్కకు పడుకున్నాయట. ఆయనే ముందు నవ్వాడు. తరవాతే మంత్రి నవ్వాడు.