మెంతి వేరు చెప్పిన మాట

పుట్టిన అడవికి దూరంగా, వాగు పక్కన మెరక మీద బొరియ తవ్వుకుని చెంగమ్మ అనే కుందేలు పిల్లల్ని పెంచుకుంటోంది. కొత్త చోటు కదా, ఏ ఆకైనా ముందు తను నమిలి, కాసేపు ఆగి చూసుకుని గానీ పిల్లలకు పెట్టేది కాదు.

వానలు దగ్గరపడ్డాయి. పల్లంలో ఉండే నక్క కన్ను ఆ పొడి బొరియ మీద పడింది.

"చెల్లెమ్మా, ఈ మెరక మీద ఏం తిని బతుకుతారు? నా మడి తీసుకుని మెంతులు చల్లుకో. బొరియ నాకిచ్చెయ్."

"పల్లంలోకి బ్యాటరీలు కరిగించే షెడ్డు నీళ్లు వచ్చేవటగా అన్నా?"

"ఆ షెడ్డు ఎప్పుడో మూశారు. నీకన్నీ అనుమానాలే!"

పిల్లలేమో బక్కచిక్కి ఉన్నారు. చెంగమ్మ మనసు ఊగింది. అయినా వెళ్లి వానపాము తాతను అడిగింది.

"షెడ్డు మూస్తే మట్టిలో దిగిన సీసం ఎక్కడికి పోతుంది తల్లీ? అందులో నేను కాలు పెట్టను."

"నీకు కాళ్లెక్కడివి తాతా!"

"ఉన్నా పెట్టను. ఊరికే నా మాట నమ్మకు. రెండు కొబ్బరి చిప్పల్లో, ఒకదాంట్లో నీ మట్టి, ఒకదాంట్లో పల్లం మట్టి వేసి, అవే మెంతులు చల్లు, సమంగా నీళ్లు పొయ్యి. మొక్కలయ్యాక వేరు చూడు. నేను నీ మట్టి ఉన్న చిప్పలో పడుకుంటా."

చూపుకు రెండూ నల్లమట్టే. "ఎడమది నీది, కుడిది నాది" అని చెంగమ్మ నక్కకు చూపించింది. ఆమె పిల్లల దగ్గరికి వెళ్లగానే నక్క చిప్పలు మార్చేసింది.

మొక్కలు లేచాయి. ఎడమవి పచ్చగా, కుడివి పాలిపోయి గిడసబారి. చెంగమ్మ గుండె జారింది. ఇన్నాళ్లూ పిల్లలకు పెట్టింది ఈ చెడ్డ మట్టి మేతేనా?

"చూశావా! ఇక బొరియ ఖాళీ చెయ్యి" అంది నక్క.

వేరు చూద్దామని చెంగమ్మ ఎడమ చిప్పలో మొక్క పీకింది. వేరుతోపాటు తాత పైకొచ్చాడు.

"నిద్ర చెడగొట్టావేంటే?"

"నువ్వు పల్లం మట్టిలో ఉన్నావేంటి తాతా?"

"పల్లమా? నేను దిగింది నీ మట్టిలోనే. ఆ రోజు చిప్ప కదిలితే నువ్వే జరుపుతున్నావనుకున్నా."

"గాలికి జరిగుంటుంది చెల్లెమ్మా" అంటూ నక్క నసిగింది.

"రెండు చిప్పలూ గాలికి చోట్లు మార్చుకున్నాయా అన్నా?"

నక్క తోక ముడుచుకుని పల్లంలోకి దిగిపోయింది. కుడి చిప్పలో వేరు పొట్టిగా, గోధుమరంగుకు తిరిగి ఉంది. ఒక్క పిల్లవేరూ లేదు.

చెంగమ్మ కళ్లు చెమర్చాయి. "మా అమ్మ దగ్గరుండి చూసినట్టు చూశావు తాతా."

"ఎక్కడ చూశాను? నిద్రపోయానుగా!"

పిల్లలకు మేత పెట్టేముందు, అది ఏ మట్టిలో వేరు దన్నిందో చూసుకోవాలి.