మూడు ముళ్ళకి లైసెన్సు

తెలివిలంకలో మగవాళ్ళు తలపాగా బిగించి కట్టుకుంటారు. ఎండకి భయపడి కాదు. తెలివి ఎక్కువైపోయి చెవుల్లోంచి కారిపోతుందేమోనని. పక్క ఊరివాళ్ళు అది చూసి నవ్వితే, "పాపం, కట్టి దాచుకోడానికి వాళ్ళకి లోపలేం లేదు కదా," అని జాలిపడతారు.

ఊరి మునసబు పుల్లంరాజు గారి తలపాగా అందరి తలపాగాల కంటే పెద్దది. ఆయనకి ఒక్కతే కూతురు, మాణిక్యం. మాణిక్యం నవ్విందంటే తొలివాన పడ్డప్పుడు మట్టివాసన కొట్టినట్టుంటుంది. ఆ వాసన ముందుగా తగిలింది బెల్లం వండే అబ్బులుకి. తగిలిన రోజునుంచీ అతను బెల్లం పారబోసి చెరుకుపిప్పి అమ్మాడు. కొన్నవాళ్ళు కూడా తెలివిలంక వాళ్ళే కాబట్టి పిప్పిని పానకంలో వేసుకుని, ఈసారి బెల్లం కరగడం లేదు, గట్టి సరుకు అని మెచ్చుకున్నారు. ఇద్దరికీ పెళ్ళి కుదిరింది. మాఘమాసంలో ముహూర్తం.

ఇంకేముంది, పెళ్ళిపనులు మొదలయ్యాయి. మునసబు గారు మీసం దిద్దించుకుందామని, ఊళ్ళో క్షవరాలు చేసే రాఘవులు ముందు కూర్చున్నారు. కత్తి మీసం దగ్గరికి వచ్చేసరికి ఆయనకి తుమ్మొచ్చింది. అంతే, కుడివైపు మీసం ఒళ్ళో పడింది.

"తుమ్మింది మీరు కదండీ," అన్నాడు రాఘవులు.

"నేను తుమ్ముతానని తెలుసుకోకుండా కత్తి పట్టుకోడానికి నీకెవడిచ్చాడురా అధికారం?"

రాఘవులు ఆలోచించాడు. "మా నాన్నండీ."

"మీ నాన్నకెవరిచ్చారు?"

"వాళ్ళ నాన్నండీ. ఆయన్ని నేను చూళ్ళేదు, నేను పుట్టకముందే పోయాడు."

"విన్నారా," అన్నారు మునసబు గారు చుట్టూ ఉన్నవాళ్ళతో. "ఎవడో కళ్ళతో చూడని మనిషి మాట నమ్మి ఇన్నాళ్ళూ మనం గొంతు మీద కత్తి పెట్టించుకున్నాం."

జనం ఎవరి గొంతు వాళ్ళు తడుముకుని, ఉందని తేలాక ఊపిరి పీల్చుకున్నారు.

సగం మీసంతోనే మునసబు గారు పట్నం వెళ్ళారు. అక్కడ ఓ మందులకొట్టులో గోడకి అద్దం కట్టించిన కాగితం కనిపించింది. అదేంటని అడిగితే, "లైసెన్సండీ. అది లేకుండా పనిచేస్తే ఊరుకోరు," అన్నాడు కొట్టతను. "ఏ పనికి?" అని అడిగారు. బేరం పోతోందన్న చిరాకులో అతను, "ఏ పనికైనా అంతేనండీ బాబూ," అన్నాడు.

అంతే. మర్నాడే చాటింపు. ఊళ్ళో ఎవరు ఏ పని చేయాలన్నా మునసబు గారు రాసిచ్చిన లైసెన్సు ఉండాలి. ఇదంతా జనం మంచికే. అర్హత తేల్చేది ఎవరు? ఆ పని ఇప్పటికే చేస్తున్నవాళ్ళు. వాళ్ళకంటే ఎవరికి తెలుస్తుంది?

ఈ లెక్కన టీకొట్టు పెడతామని వచ్చిన వాళ్ళందరి టీ తాగి చూసే పని వరహాలుకి పడింది. ఊళ్ళో టీకొట్టు అతనొక్కడిదే. పాపం ఎంతో ఓపిగ్గా తాగాడు. ఒక్కళ్ళదీ బాగోలేదు. మర్నాటినుంచీ తన టీలో పాలు మానేసి ధర పెంచాడు. "ఇది కుడితిలా ఉందేంటి," అని ఒకడంటే, "వరహాలు టీయే ఇలా ఉంటే, అర్హత లేనివాళ్ళ టీ ఇంకెంత ఘోరంగా ఉండేదో. మనల్ని కాపాడాడు," అని ఇంకొకడు గ్లాసుకి దండం పెట్టి తాగాడు.

రాఘవులుకి మాత్రం చిక్కొచ్చింది. లైసెన్సు లేకుండా తల ముట్టుకోకూడదు. తల ముట్టుకోకుండా పని వచ్చని చూపించేదెలా? చివరికి పీచున్న కొబ్బరికాయలు తెచ్చి ముందు పెట్టారు. అతను వాటిని నున్నగా గొరిగి, బుగ్గలకి పటిక కూడా రాశాడు. మునసబు గారు మురిసిపోయి లైసెన్సు రాసిచ్చి, ఎదురుగా కూర్చుని, "ఊ, మిగిలిన సగం మీసం తీసేయ్," అన్నారు.

"కుదరదండీ. ఇందులో కొబ్బరికాయలు గొరగడానికి అని ఉంది. మీది తలకాయ కదండీ."

"నిజమే," అన్నారు మునసబు గారు. అంత నిజాయితీపరుడు తన ఊళ్ళో ఉన్నందుకు కళ్ళు తుడుచుకున్నారు.

ఇంకేముంది, ఊళ్ళో కొబ్బరికాయలన్నీ నున్నగా మెరిసిపోతున్నాయి, మనుషులు మాత్రం ఎలుగుబంట్లలా తిరుగుతున్నారు. మాఘం వచ్చేసరికి అబ్బులు గడ్డం గుండెల మీదికి దిగింది. పెళ్ళిపీటల మీద తెర తీయగానే అతను సిగ్గుతో తల దించుకున్నాడు.

"కళ్ళు కనిపిస్తున్నాయిలే. నాకవి చాలు," అంది మాణిక్యం.

పంతులు గారు చెయ్యూపారు. గట్టిమేళం మోగింది. అబ్బులు తాళి ఎత్తాడు.

"ఆగండి," అన్నాడు ఎర్రయ్య. ఎర్రయ్య ఊళ్ళో పశువుల్ని కట్టేసే మనిషి. "ఈ ఊళ్ళో ముళ్ళు వేసే లైసెన్సు నాది. ఈ కుర్రాడికి ఉందా?"

మేళం ఆగిపోయింది. అబ్బులు తాళి అలా ఎత్తిపట్టుకునే, "నాకూ ఒకటి ఇప్పించండి," అన్నాడు.

"ఇదివరకు ఎప్పుడైనా తాళి కట్టావా?"

"లేదండి. ఇదే మొదలు."

"అనుభవం లేనివాడికి ఎలా ఇస్తాం? పిల్ల మెడ కదా," అన్నారు మునసబు గారు. "నా కూతురైనా సరే, చట్టం చట్టమే."

"నాకు చేసినట్టే చెయ్యండి," అన్నాడు రాఘవులు. "ముందు కొబ్బరికాయకి కట్టించండి."

అందరికీ నచ్చింది. నున్నటి కొబ్బరికాయని పీట మీద పెట్టారు. పరీక్ష పద్ధతిగా జరగాలని పంతులు గారు మంత్రాలు చదివారు, మేళం వాయించారు, అక్షింతలు వేశారు. అబ్బులు మూడు ముళ్ళూ వేశాడు. ఆ తర్వాత పంతులు గారు నెమ్మదిగా, "అయితే పెళ్ళయిపోయినట్టే కదా," అన్నారు.

మునసబు గారు లేచి నిలబడ్డారు. "పెళ్ళాం ఉన్నవాడికి నా కూతుర్నిస్తానా?"

మాణిక్యం కొబ్బరికాయ వంక చూసింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "దానికి మూడు కళ్ళున్నాయి. నాకు రెండే," అంది.

"నేను దాన్ని చూడనేలేదు మాణిక్యం. కట్టినంతసేపూ నిన్నే చూశాను."

"అందుకే ముడి వంకరపోయింది," అన్నాడు ఎర్రయ్య. "పరీక్ష తప్పాడు."

ఆ కంగారులో అబ్బులు మోచెయ్యి తగిలి కొబ్బరికాయ కిందపడి రెండు ముక్కలైంది. ఆడవాళ్ళు ఒక్కసారి గొల్లుమన్నారు. నిండు ముత్తైదువులా పోయిందన్నారు. పోయినామె లోపల ఎంత తెల్లటి మనసో అని కొబ్బరి చూసి కుమిలిపోయారు, తలా ఓ ముక్కా తిన్నారు. అబ్బులు నేలమీద పడిన తాళి తీసి గుప్పిట్లో దాచుకున్నాడు.

"ముహూర్తం దాటిపోతోంది," అన్నారు పంతులు గారు. "ఇది పోతే అమ్మాయి జాతకానికి మళ్ళీ మూడేళ్ళదాకా లేదు."

మాణిక్యం అబ్బులు వంక చూసింది. మూడేళ్ళకి ఆ గడ్డంలో ఇంక కళ్ళు కూడా కనిపించవు.

"లైసెన్సున్నవాడే కడతాడు. ఎర్రయ్యా, రా," అన్నారు మునసబు గారు.

"ఎర్రయ్య కడితే పిల్ల ఎర్రయ్యకి పెళ్ళామవదూ?" అన్నారు పంతులు గారు.

"నేను కట్టిన గేదెలన్నీ నా పెళ్ళాలా ఏంటండీ?" అన్నాడు ఎర్రయ్య. "కాకపోతే నా లైసెన్సులో పలుపుతాడుతో, గుంజకి అని ఉంది. ఇంకోలా కడితే తప్పు."

"తప్పు పని మనం చెయ్యం. రాసినట్టే కానీ."

అంతే, ఎర్రయ్య ఒకే పలుపుతాడు ఇద్దరి మెడల్లోనూ వేసి పందిరి గుంజకి కట్టేశాడు. అక్షింతలు పడ్డాయి. జనం దండిగా భోంచేసి, జంట కదలకుండా కుదురుగా ఉందని దీవించారు. పొద్దు వాలాక అబ్బులు, "ఇంక విప్పండి," అన్నాడు.

"కట్టడం వరకే నా పని. విప్పే లైసెన్సు లేదు," అన్నాడు ఎర్రయ్య.

"మరి గేదెల్ని ఎవరు విప్పుతారు మావా?" అనడిగింది మాణిక్యం.

"ఎవరూ విప్పరమ్మా. దాహమేస్తే అవే పీక్కుని పోతాయి."

మాణిక్యం అబ్బులు చెవి దగ్గర, "నాకు దాహమేస్తోంది," అంది.

ఇంకేముంది, ఇద్దరూ ఒక్క ఊపున లాగారు. గుంజ ఊడింది. గుంజతోపాటు పందిరీ లేచింది. మామిడాకులూ, అరటిబోదెలూ, ఆ నీడా అన్నీ ఈడ్చుకుంటూ పొలిమేర దాటి కాలవగట్టు చేరేదాకా వాళ్ళు ఆగలేదు. అక్కడ నీళ్ళు తాగారు. ముడి విప్పుకున్నారు. ఆకాశం పసుపు రాసుకున్నట్టుంది. అబ్బులు గుప్పిట తెరిచాడు.

"ఇక్కడ అడిగేవాళ్ళెవరూ లేరు," అంది మాణిక్యం, మెడ వంచి.

అతను మూడు ముళ్ళూ వేశాడు.

"వదులుగా ఉంది."

"అనుభవం లేదు కదా."

"ఫరవాలేదు. రోజూ బిగిద్దువుగాని," అంది. పందిరి కిందే కాపురం పెట్టారు.

ఇటు ఊళ్ళో గుంజ ఊడిన చోట మోకాలిలోతు గొయ్యి మిగిలింది. మునసబు గారు వంగి చూసి, "ఈ గొయ్యి ఎవరు తవ్వారు? లైసెన్సు ఉందా?" అన్నారు. లేదని తేలింది. "లైసెన్సు లేని గొయ్యి చెల్లదు. చెల్లనిది లేనట్టే," అని తేల్చి, జనానికి చూపించడానికి దాని మీదుగా నడిచారు. అంతే, కుడికాలు మోకాలిదాకా దిగిపోయింది.

"చెయ్యందుకోండి," అన్నాడు రాఘవులు.

"నీది కొబ్బరికాయల లైసెన్సు. ముట్టుకోకు."

"పోనీ కాలు మీరే పైకి తీసుకోండి," అన్నారు పంతులు గారు.

"తీసే లైసెన్సు నాకుందా?"

"రాసేది మీరే కదా, రాసుకోండి."

మునసబు గారు కాగితమూ కలమూ తెప్పించుకుని, తనని తానే అడిగారు: "ఇదివరకు గోతిలోంచి కాలు తీసిన అనుభవం ఉందా?" నిజాయితీగా తల అడ్డంగా ఊపారు. "లేదు. నేనింతకుముందు ఏ గోతిలోనూ పడలేదు." కాగితం చింపేశారు. జనం చప్పట్లు కొట్టారు. సొంత కాలికి కూడా దయచూపని మునసబు ఏ ఊళ్ళో ఉన్నాడని పొంగిపోయారు.

కోతలైపోయాయి, ఎండలూ వెళ్ళాయి. అర్హత లేని చెయ్యి ఒక్కటీ ఆయన్ని తాకలేదు. నిన్న మొదటి వాన పడి గోతిలో నీళ్ళు చేరాయి. పిక్కదాకా రాగానే మునసబు గారు వరహాలుని పిలిచి ఇంకో కాగితం తెమ్మన్నారు, ఈత లైసెన్సు రాసుకోడానికి.