పుస్తకంలో లేని మాట

"యోహాను గారూ, నేను ఈ కుర్చీలో ఉన్నంతకాలం ఆ ఫోను లైను ఆగదు. ఇది నా మాట."

మా వైస్ చాన్సలర్ ఈ మాట అన్నది మా గురువుగారి పదవీ విరమణ సభలో, అందరి ముందూ, ఆయనకి శాలువా కప్పుతూ. మేమంతా చప్పట్లు కొట్టాం. ఏడాది తిరిగింది. ఆ కుర్చీలో ఇప్పటికీ ఆయనే ఉన్నారు. మే నెల మధ్యలో ఉత్తర్వు వచ్చింది. జూన్ ఒకటిన లైను తీసేస్తారు, గది ఖాళీ చెయ్యాలి. అక్కడ కృత్రిమ మేధ కేంద్రం వస్తుందట. శిలాఫలకం అప్పటికే చెక్కించేశారు.

ఆ లైను ఏమిటో చెప్పాలి. చూపులేని విద్యార్థులు ఒక నంబరుకి ఫోను చేస్తారు. కావలసిన పుస్తకం ఎంచుకుంటారు. మా ప్రయోగశాలలో ఉన్న కంప్యూటరు ఆ పుస్తకాన్ని తెలుగులో చదివి వినిపిస్తుంది. అంతే. మల్లవరపు యోహాను గారి ఉద్యోగ జీవితమంతా ఆ "అంతే"లోనే గడిచిపోయింది.

ఆయన తోటివాళ్లు ఏ గాలి వీస్తే ఆ అంశం మీద పేపర్లు రాసుకున్నారు. ప్రొఫెసర్లయ్యారు, డీన్లయ్యారు. ఆయన మాత్రం "కల"నీ "కళ"నీ ఒకేలా పలుకుతున్న కంప్యూటరు ముందు కూర్చుండిపోయారు. ప్రమోషను ఇంటర్వ్యూలో "మీ పేపర్లెన్ని?" అని అడిగితే, "వినేవాళ్లెందరో చెప్పమంటారా?" అన్నారట. ఆ ఏడూ ప్రమోషను రాలేదు.

కంప్యూటరుకి గొంతు కావలసి వచ్చినప్పుడు బయటి నుంచి ఎవరినైనా పిలిపించే స్తోమత శాఖకి లేదు. ఆయనే కూర్చున్నారు. కిటికీలకి బొంతలు కట్టి, చప్పుడవుతుందని ఫ్యాను ఆపేసి, నడి ఎండాకాలంలో తెలుగు అక్షరాలన్నీ, వాటి కలయికలన్నీ ఒక్కొక్కటే పలికారు. అప్పటికి ఆయనకి ఒక్క తెల్ల వెంట్రుక లేదు. అందుకే మా యంత్రం ఇవాళ్టికీ కుర్రవాడి గొంతుతో చదువుతుంది.

రెండేళ్ల కిందట ఆయనకి గొంతు క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు ఏదైనా చెప్పాలంటే కీబోర్డు మీద కొడతారు. యంత్రం పలుకుతుంది, ఆయన పాత గొంతుతోనే. వేళ్లు తొందరగా ఆడవు కనక మాటలు తక్కువ. మెడకి తెల్లగుడ్డ కట్టుకుని రోజూ ప్రయోగశాలకి వస్తారు. జీతం లేదు, తరగతులు లేవు. అయినా వస్తారు.

ఉత్తర్వు చదివిన రోజే నేను నాలుగు పేజీల నిరసన పత్రం రాశాను. "మౌనం నేరం!" అన్నాను. "చరిత్ర మిమ్మల్ని క్షమించదు!" అన్నాను. "చదువును అంగట్లో పెట్టడానికి సిగ్గు లేదా!!!" అన్నాను. గోడల మీదా కరపత్రాల్లోనూ చదివిన మాటలే అవి.  కోపం మాత్రం నాదే. పత్రికలకి పంపేముందు ఆయన సంతకం కోసం తీసుకెళ్లాను.

ఆయన కాగితాలు అందుకోలేదు. కంప్యూటరు ఫైలు ఇమ్మని చెయ్యి చాచారు. దాన్ని యంత్రానికి ఎక్కించి, అచ్చుతప్పులు చూసే పద్ధతిలో పెట్టారు. చూపులేని పిల్లలు తాము రాసుకున్నది సరిచూసుకోవడానికి ఆయన చేసిన ఏర్పాటు అది. అందులో చుక్కనీ, కామానీ, ప్రతి గుర్తునీ యంత్రం పైకి చదువుతుంది.

"చదువును అంగట్లో పెట్టడానికి సిగ్గు లేదా ఆశ్చర్యార్థకం ఆశ్చర్యార్థకం ఆశ్చర్యార్థకం" అంది యంత్రం, రైలు వేళలు చెప్పినట్టు.

నా చెవులు వేడెక్కాయి. ఆయన కళ్లు మూసుకుని శ్రద్ధగా వింటున్నారు. మూడో పేజీ వచ్చింది.

"యోహాను గారి గొంతు నొక్కేశారు ఆశ్చర్యార్థకం" అంది యంత్రం, యోహాను గారి గొంతుతో.

ఆయన ఆపేశారు. ఎడమచెయ్యి మెడ దగ్గరి గుడ్డ మీదికి వెళ్లింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత కీబోర్డు మీద కొట్టారు.

"అది డాక్టర్లు చేసిన పని నాయనా. వైస్ చాన్సలర్ మీద వెయ్యకు."

నాకు నవ్వు రాలేదు. "మీకు కోపం రాదా సార్? సభలో మాటిచ్చి తప్పాడు. ఈ నాలుగు పేజీల్లో ఒక్క అబద్ధం ఉంటే చూపించండి."

ఆయన చూపించబోయే లోపల బల్ల మీది ఫోను మోగింది. లైనులో ఇబ్బంది వస్తే విద్యార్థులు చేసే ఫోను అది. ఆయన దాన్ని ఎత్తి, స్పీకరు నొక్కి, నా ముందుకి జరిపారు.

"అన్నా, నేను ముంతాజ్. గుంతకల్లు. లా చదువుతాండా గదా, ఆ ముంతాజ్."

"చెప్పు ముంతాజ్."

"ఒకటో తేదీ నుంచి లైను ఉండదంట. నిజమేనా?"

"మేం ఊరుకోం. పోరాడుతున్నాం. నాలుగు పేజీల్లో వాళ్లని కడిగేశాను."

"కడుగు అన్నా, బాగా కడుగు. నా పరీక్షలు ఎప్పుడో రాసినావా దాంట్లో?"

నేను యోహాను గారి వైపు చూశాను. ఆయన నన్ను చూడటం లేదు. ఫోనునే చూస్తున్నారు.

"జూన్ పదహారు నుంచి" అంది ముంతాజ్. "సాక్ష్యాల చట్టం సగం కూడా కాలే. హాస్టల్లో ఒకమ్మాయి చదివి వినిపిస్తాండె, సెలవలని ఊరికి పాయె. ఒకటి నుంచి పదహారు దాకా నేనేం వినాల?"

నా నాలుగు పేజీల్లో ఆమెకి చెప్పదగ్గ వాక్యం కోసం వెతుక్కున్నాను.

"ఏందన్నా, లైను అప్పుడే పీకేసినారా?" అని నవ్వింది. "పోనీలే, సార్ ఉన్నాడా? ఒక్కసారి ఇయ్యి. ఇన్నేండ్ల నుంచి గంటలు గంటలు నాకు చదివి వినిపిస్తాండాడు. నేను ఒక్క మాటన్నా మాట్లాడలేదు ఆయనతో."

ఆపరేషన్ సంగతి ఆమెకి తెలీదు. ఏదో ఒక సాకు చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి వద్దన్నారు. కీబోర్డును దగ్గరికి లాక్కున్నారు. ఒక్కొక్క అక్షరమే కొట్టారు.

"బాగా చదువుకో తల్లీ."

"అబ్బ! సార్! ఇది పుస్తకంలో లేని మాట సార్!" ఆమె గొంతులో సంతోషం ఫోను పట్టనంత ఉంది. "అదే గొంతు! ముసలాయన, రిటైరైనాడు అని చెప్పిరే, ఎవరు, అన్నా, ఆ మాట అనింది? సార్, మీ గొంతు ఏం మారలేదు సార్. ఇంగో మాట చెప్పండి సార్!"

ఆయన ఒక అక్షరం కొట్టారు. చెరిపేశారు. మళ్లీ కొట్టి, మళ్లీ చెరిపేశారు. వేళ్లు కీబోర్డు మీద అలాగే ఉండిపోయాయి.

"సార్‌కి తరగతి ఉంది ముంతాజ్" అన్నాను.

"అవునా! పో సార్ పో, పిల్లోళ్లు కాచుకోనుంటారు. అన్నా, రాసెయ్ మరి" అని ఆమె ఫోను పెట్టేసింది.

ఫోను పక్కకి జరిపాను.

"ఆమెకి నిజం చెప్పాలి కదా సార్."

"పరీక్షలయ్యాక చెప్పు" అంది యంత్రం.

ఒక తెల్లకాగితం తీసుకున్నాను. మల్లవరపు యోహాను గారు అని మొదలుపెట్టాను. ఆయన వంగి, ఆ పేరు మీద వేలు పెట్టారు. తియ్యలేదు. నేను ఆ పేరు కొట్టేసేదాకా అక్కడే ఉంచారు. కొట్టేసి, కింద ఇలా రాశాను.

వైస్ చాన్సలర్ గారికి,

న్యాయశాస్త్ర విద్యార్థిని షేక్ ముంతాజ్ పాఠాలు వినే ఫోను లైనును మీరు జూన్ ఒకటిన తీసేస్తున్నారు. ఆమె పరీక్షలు జూన్ పదహారున మొదలవుతాయి. ఈ మధ్యలో ఆమె ఏం విని చదవాలో చెప్పండి. మే ముప్పయ్యో తేదీలోగా చెప్పండి.