ఈదమ్మ గుండె దడ

ఒకప్పుడు మనిషి గుండెకి ఒకటే నడక ఉండేది. హాయిగా నిద్రపోతున్నా, ఎదురుగా పులి వచ్చి నిలబడ్డా అదే వేగం. మనుషులకి భయం తెలుసు, పరుగు మాత్రం తెలియదు.

ఆ రోజుల్లో నల్లమల అడవిలో ఈదమ్మ ఉండేది. ఒక పొద్దుటిపూట, నాలుగేళ్ళ కూతురు పూసను వెంటబెట్టుకుని గడ్డలు తవ్వడానికి వెళ్ళింది. తవ్వుకుంటూ తవ్వుకుంటూ, చూసుకోకుండా ఒక రాతిగుహ దాకా పోయింది.

గుహలోంచి ఎలుగుబంటి బయటికొచ్చింది.

"లోపల నా పిల్లలున్నాయి. ఎందుకొచ్చావే ఇక్కడికి?" అని గుర్రుమంది.

"చూసుకోలేదక్కా! ఇదిగో, వెళ్ళిపోతున్నా," అంటూ ఈదమ్మ పూసను చంకనెత్తుకుంది.

అంది గానీ, కాళ్ళు కదలాలి కదా! ఒక అడుగు. ఇంకో అడుగు. మోకాలి లోతు బురదలో నడిచినట్టుంది.

"వెళ్తానని చెప్పి ఇంకా ఇక్కడే ఉన్నావా? నాతో ఆటలా?" ఎలుగు వెనక కాళ్ళ మీద లేచి నిలబడింది.

ఈదమ్మ తలలో మెదడు గగ్గోలు పెట్టింది. "కాళ్ళూ, పరిగెత్తండి!"

"ఒంట్లో సత్తువ లేకుండా ఎలా పరిగెత్తుతాం?" అన్నాయి కాళ్ళు.

"కాలేయమా, నువ్వు దాచిన చక్కెర బయటికి తియ్యి!"

"అది రేపటి ఆకలికి. ఇవ్వను."

"పొట్టా, నీ దగ్గరున్న రక్తాన్ని కాళ్ళకి వదులు!"

"పొద్దున తాగిన అంబలి ఇంకా అరగలేదు. ఆగు."

"గుండే, నువ్వయినా తొందరపడు తల్లీ!"

"నా నడక నాది," అంది గుండె.

ఎలుగు నాలుగు కాళ్ళ మీదికి దిగి దూసుకొచ్చింది. పూస కెవ్వుమంది.

అప్పుడు, నడుము దగ్గర రెండు మూత్రపిండాల నెత్తిన టోపీల్లా కూర్చున్న రెండు బుల్లి గ్రంథులు నోరు విప్పాయి. అంతవరకూ వాటిని పలకరించినవాళ్ళే లేరు.

"ఒక్కొక్కరినీ బతిమాలుతూ కూర్చుంటే పిల్ల దక్కదు. మా రసాన్ని రక్తంలో పోస్తాం. ఒంట్లో రక్తం తొక్కని గడప లేదు. అందరికీ ఒక్కసారే కబురందుతుంది."

"పొయ్యండి మరి!" అరిచింది మెదడు.

"ఒక్క మాట. పోశాక వెనక్కి తీసుకోలేం."

"ముందు పిల్ల బతకనీ!"

పోశాయి.

ఆ రసాన్నే ఇప్పుడు హార్మోన్ అంటున్నారు. అది తగలగానే గుండె ఉలిక్కిపడి దడదడా కొట్టుకుంది. కాలేయం మారుమాట లేకుండా చక్కెర కుమ్మరించింది. పొట్ట పని ఆపేసి రక్తాన్ని కాళ్ళకి వదిలింది. ఊపిరితిత్తుల్లో గాలి దారులు వెడల్పయ్యాయి. కళ్ళు విప్పారాయి. రాయీ ముల్లూ స్పష్టంగా కనిపించాయి.

ఈదమ్మ పరిగెత్తింది! వీపుకి ఎలుగు ఊపిరి వేడిగా తగిలింది. ఒక పంజా చెంగును చీల్చింది. ఆమె వెనక్కి చూడలేదు. ఎదురైన వాగును ఒక్క దూకులో దాటి అవతలి గట్టున పడింది.

ఎలుగు వాగు దగ్గర ఆగింది. గుహలో పిల్లల్ని వదిలి ఎంత దూరమని వస్తుంది?

"ఇంకెప్పుడూ రాకు!" అని వెనుదిరిగింది.

ఈదమ్మ చతికిలబడి పూస ఒళ్ళంతా తడిమి చూసుకుంది. చిన్న గీతైనా లేదు. కానీ ఆమె చేతులు గడగడా వణుకుతున్నాయి. నోరు పిడచగట్టుకుపోయింది.

"అమ్మా, ఎలుగు వెళ్ళిపోయిందిగా. ఎందుకు వణుకుతున్నావు?" అంది పూస, తల్లి గుండెకి చెవి ఆనించి.

మెదడుకీ కంగారే. "ఇక చాలు, ఆపండి!" అంది.

"ముందే చెప్పాంగా. పోసిన రసం ఇంకాల్సిందే," అన్నాయి గ్రంథులు.

ఈదమ్మ బిడ్డను గట్టిగా పొదువుకుని అలాగే కూర్చుంది. చాలాసేపటికి గుండె మెల్లగా నెమ్మదించింది.

అప్పటినుంచే, భయమేస్తే మన గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది. గండం గడిచిపోయాక కూడా కాసేపు కాళ్ళూ చేతులూ వణుకుతూనే ఉంటాయి.