గోడ మీది చెయ్యి

గిటారులో దోషమేమిటో దొరకడం లేదు. శేషఫణి బాధ అదొక్కటే.

మూడో తీగ మీటితే శబ్దం చివర కొంచెం మందగించినట్టుంటుంది. ఇంట్లో ఇంకెవరికీ అది వినిపించదు. వినిపించకపోవడం వాళ్ల చెవుల లోపమని అతని నమ్మకం. ఆ ఆదివారం పొద్దున్నే గిటారును పాత దుప్పటిలో చుట్టి, స్కూటరు ముందు నిలబెట్టుకుని, నంద్యాల స్టేషన్ దారిలో ఉన్న ఉస్తాద్ దస్తగిరి కొట్టుకు బయల్దేరాడు. ఏడేళ్లుగా ఆ దుప్పటి ఎన్నిసార్లు ఆ దారిన పోయి వచ్చిందో అతనికే తెలియదు.

శేషఫణి సర్వేయరు. పొలాలకు గొలుసు పట్టి హద్దులు చెప్పడం అతని ఉద్యోగం. కొలత అంటే ప్రాణం. పెళ్లి విందులో విస్తరి కాస్త వంకరగా వేసినా దాన్ని సరిచేసి గాని ముద్ద ఎత్తడు. అలాంటి మనిషి చేతికి ఉలి వస్తే ఇంట్లోవాళ్ల గతి ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

దస్తగిరికి డెబ్బై దాటాయి. హార్మోనియాలు, గిటార్లు బాగుచేస్తాడు. అడిగినవాళ్లకు కొత్తవి చేసిస్తాడు. శేషఫణిలా సరదా కొద్దీ పని నేర్చుకుంటామని ఆదివారాలు వచ్చేవాళ్లను కాదనడు. పెద్దగా పాఠం చెప్పడు. ఒకసారి మాత్రం కొత్త చెక్కను శేషఫణి చెవి దగ్గర పెట్టి వేలితో తట్టాడు. ఏడాదిగా అటక మీద ఆరుతున్న ఇంకో చెక్కను కూడా అలాగే తట్టాడు.

"ఇన్నావా? దీంట్లో ఇంకా నీళ్లుండాయి. తొందరపడొద్దప్పా. అది ఆరేదాకా ఆగాల."

శేషఫణి ఆ మాటను మనసులో రాసిపెట్టుకున్నాడు.

ఆ కొట్టులో ఒక పద్ధతి ఉంది. వాద్యం ఎవరి కోసమో వాళ్లు స్వయంగా వచ్చి ఎడమచెయ్యి ఒక అట్ట మీద ఆనించాలి. ఉస్తాద్ వేళ్ల చుట్టూ పెన్సిలుతో గీసి, పక్కన పేరు రాసి, అట్టను గోడ మేకుకు తగిలిస్తాడు. గిటారు మెడ ఎంత వెడల్పుండాలి, మెట్టుకూ మెట్టుకూ ఎంత దూరముండాలి అనేదంతా ఆ చేతిని బట్టే. వాద్యం తయారైన రోజు అట్ట దించి, ఆ చెయ్యే మళ్లీ దాని మీద పెట్టించి చూస్తాడు. అప్పుడు వాద్యంతోబాటు అట్ట కూడా ఇచ్చి పంపిస్తాడు.

గోడ మీద ఏనాడూ ఐదారు చేతుల కంటే ఎక్కువ ఉండవు. కొత్తవి వస్తుంటాయి, పాతవి పోతుంటాయి. ఒక్క చెయ్యి మాత్రం ఏడేళ్లుగా అదే మేకుకు ఉంది. 'సంహిత, తొమ్మిదేళ్లు' అని దాని పక్కన రాసి ఉంటుంది.

సంహిత శేషఫణి కూతురు. నాలుగో తరగతిలో ఉండగా బడి వార్షికోత్సవంలో ఎవరో గిటారు వాయించారు. ఆ రాత్రి నుంచి తనకూ కావాలని పట్టుబట్టింది. కొనిపెట్టమని భార్య సుగుణ చెప్పింది.

"కొనేదేంది? మా పాపకు నేనే చేస్తా. నంద్యాలలో యెవురికీ లేనట్ల చేస్తా," అన్నాడు శేషఫణి.

ఆ మాటన్నప్పుడు అతని ప్రేమలో ఇసుమంత అబద్ధం లేదు. ఆ సంగతి మాత్రం ఒప్పుకోవాలి.

మర్నాడే పిల్లను స్కూటరు ముందు నిలబెట్టుకుని కొట్టుకు తీసుకుపోయాడు. ఉస్తాద్ దాని వేళ్ల మధ్య పెన్సిలు తిప్పుతుంటే చక్కిలిగిలి పుట్టి అది కిలకిలా నవ్వింది.

"ఎన్ని దినాలు పడతాది తాతా?"

"మీ నాయన్ని అడుగమ్మా. చేసేది ఆయప్ప కదా."

"ఎండాకాలం సెలవులకంతా అయిపోతాది," అన్నాడు శేషఫణి. ఏ ఎండాకాలమో చెప్పలేదు.

మిద్దె మీద రేకుల షెడ్డు వేసుకున్నాడు. దేవదారు చెక్కతో గిటారు ముందు పలక చేశాడు. చిత్రిక మరీ ఎక్కువ పట్టడంతో అది పలచబడి పగిలింది. అది నిజంగా తప్పే. రెండోది చక్కగా కుదిరింది. కానీ గిటారు నడుము దగ్గర, వంపులో, వెంట్రుకవాసి సందు కనిపించింది. ఉస్తాద్ చూసి పరవాలేదన్నాడు. శేషఫణి ఇంటికొచ్చి ఊడదీశాడు. పక్క చెక్కలను మళ్లీ తడిపి, బాగా కాల్చిన ఇనుప గొట్టం మీద మళ్లీ వంచాడు. అదయ్యేసరికి పాలిష్‌లో ఆవగింజంత చుక్క కనిపించింది. మొత్తం గీకేసి మళ్లీ మొదలుపెట్టాడు.

"ఇంకెన్నాళ్లయ్యా? పిల్ల అడుగుతాంది," అనేది సుగుణ.

"చెక్కతో తొందర పనికిరాదు. మా ఉస్తాద్ చెప్పినాడు," అనేవాడు. ఉస్తాద్ పేరెత్తితే ఇంక ఎదురు లేదు.

మొదట్లో సంహిత రోజూ మిద్దె ఎక్కేది. పీట వేసుకుని కూర్చుని రంపంపొట్టుతో ఇళ్లు కట్టేది. దానికి పదేళ్లప్పుడు ఒక సాయంత్రం, నాన్న ఆఫీసు నుంచి వచ్చేలోగా సాయం చేసి పెడదామని, ఉప్పుకాగితం తీసుకుని గిటారు వీపును రుద్దింది. చెక్క చారలు నిలువుగా ఉంటే అది అడ్డంగా రుద్దింది. చెక్కను చార వెంబడే రుద్దాలని దానికేం తెలుసు పాపం. నాలుగు గీతలు పడ్డాయి.

శేషఫణి వచ్చి చూసి ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

"యెవురు తాకమన్న్యారు నిన్ను? నీ చెయ్యి పడితే ఇది నాశనమే!"

ఆ నాలుగు గీతలు పోగొట్టడానికి అతనికి మూడు ఆదివారాలు పట్టింది. సంహిత మళ్లీ మిద్దె ఎక్కలేదు. అతను గమనించకపోలేదు. పని ప్రశాంతంగా సాగుతోందని సంతోషించాడు.

ఆరో తరగతి దాకా, "అయిందా నాన్నా?" అని అప్పుడప్పుడూ అడిగేది. ఆ తర్వాత అడగడం మానేసింది. పిల్లకు ఓపిక వచ్చింది, నా పోలికే అనుకుని మురిసిపోయాడు. తమకు అనుకూలంగా ఉన్నదాన్ని నమ్మడానికి మనుషులకు ఎంతోసేపు పట్టదు.

ఇలా ఏడేళ్లు గడిచాక వచ్చింది ఈ ఆదివారం.

ఉస్తాద్ దుప్పటి విప్పి, గిటారును ఒళ్లో పెట్టుకుని, బిరడాలు తిప్పి తీగలు సరిచేశాడు. కళ్లు మూసుకుని మూడో తీగ మీటాడు. అన్ని తీగలూ కలిపి ఒకసారి మీటాడు. ఆ శబ్దం కొట్టంతా నిండి, మెల్లగా ఆరిపోయింది. ఆయన కళ్లు తెరిచినప్పుడు ఎదురుగా గోడ ఉంది. గోడ మీద అట్ట ఉంది. దాని వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

"పాప యేది?" అన్నాడు చివరికి.

"ఇంట్లో ఉంది. పాప ఎందుకు ఉస్తాద్? మూడో తీగ..."

"పిల్చుకోని రా. పద్ధతి ఉండాది కదా."

శేషఫణి గుండె ఎగిరి గంతేసింది. పద్ధతి అంటే అట్ట దించే రోజు. అంటే గిటారు అయిందన్నమాట. ఏడేళ్లుగా ఉస్తాద్ నోట వినాలని కాచుకున్న మాట అదే. గిటారును అక్కడే వదిలి, స్కూటరును పరుగెత్తించాడు.

సంహిత ఇంటరు పుస్తకాలు ముందేసుకుని కూర్చుని ఉంది.

"ఇప్పుడా నాన్నా? రేపు పరీక్షుంది నాకు."

"పోయిరామ్మా. ఆయన మొగం చూడు, పెళ్లికొడుకు మాదిరుంది," అంది సుగుణ.

సంహిత నవ్వి చెప్పులేసుకుంది. ఆనాడు స్కూటరు ముందు నిలబడి పోయిన పిల్ల ఈసారి వెనక కూర్చుంది. దారిపొడుగునా శేషఫణి పలక గురించి, పాలిష్ గురించి చెబుతూనే ఉన్నాడు. అది ఊఁ కొడుతూ ఉంది.

ఉస్తాద్ గిటారు చేతికిచ్చాడు. సంహిత దాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా అందుకుంది, ఎవరిదో వస్తువు పట్టుకున్నట్టు.

"యేమన్నా వాయించమ్మా."

"నాకు రాదు తాతా."

"నేర్చుకోలేదా?"

"మన గిటారు వచ్చినాక నేర్చుకుందువులే అన్నాడు నాన్న."

ఆ మాట కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేదని శేషఫణికి అనిపించింది. అలా ఎందుకనిపించిందో మాత్రం అప్పుడు తెలియలేదు.

ఉస్తాద్ పీట ఎక్కి మేకు నుంచి అట్ట తీశాడు. భుజం మీది తువ్వాలుతో దుమ్ము తుడిచాడు. పనిబల్ల మీద చెక్కపొట్టు పక్కకు నెట్టి, అక్కడ పెట్టాడు.

"చెయ్యి పెట్టమ్మా."

సంహిత ఎడమచెయ్యి పెట్టింది.

పెన్సిలు గీతలు ఆ చేతి కింద దాదాపు మొత్తం మునిగిపోయాయి. నాలుగు వేళ్లూ గీత దాటి ఒక్కో కణుపు ముందుకు వచ్చాయి. చిన్నప్పటి చిటికెనవేలు ఇప్పటి వేళ్ల సందున కొంచెంగా కనిపిస్తోంది.

"అయ్యో, నా చెయ్యి ఇంతే ఉండేదా!" సంహిత పకపకా నవ్వింది. "నాన్నా, చూడు చూడు!"

శేషఫణి చూస్తూనే ఉన్నాడు.

అది గిటారు తీసుకుని మెడ మీద మూడు వేళ్లు పక్కపక్కన ఆనించబోయింది. రెండు పట్టాయి. మూడోదానికి చోటు లేదు. ఒక తీగ నొక్కితే పక్క తీగకు వేలు తగులుతోంది.

"మన కింది వాటావాళ్ల పాపకు సరిపోతాది నాన్నా ఇది. ఆ పిల్లకు పాటలంటే పిచ్చి. ఇచ్చేద్దామా?"

మంచి మనసుతోనే అంది. వాళ్లమ్మ పెంపకం అది.

"ఎదురుగా చెరుకురసం బండి ఉండాది. పోయి తాగమ్మా. నా పేరు చెప్పు," అన్నాడు ఉస్తాద్. అది గిటారును బల్ల మీద పెట్టి, చున్నీ సర్దుకుని బయటికి పోయింది.

శేషఫణి చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి పోయి కొలత టేపు తీసింది.

"మెడ మార్చేస్తా ఉస్తాద్. వెడల్పు, మెట్లు, అన్నీ ఇప్పటి చేతికి సరిగ్గా... ఒక్క సంవత్సరం చాలు. ఈసారి తప్పు రానియ్యను. తొందరపడకుండా..."

ఉస్తాద్ చెయ్యి చాపి ఆ టేపు తీసుకున్నాడు. బయటికి సాగి ఉన్న మూరెడు టేపును డబ్బీలోకి చుట్టి, తన పనిబల్ల సొరుగులో వేసి, సొరుగు మూశాడు.

"మూడో తీగలో యేమీ లేదు ఫణీ. ఈ గిటారు యెప్పుడో అయిపోయింది."

శేషఫణి బల్ల మీది గిటారును చేతిలోకి తీసుకున్నాడు.

"ఏడేండ్లు ఈ అట్ట కిందనే కూసోని ఇద్దరం టీ తాగినాం. నేనూ చూడలేదు. తప్పు నాది గూడా ఉండాది," అన్నాడు ముసలాయన. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తొందరపడొద్దని నేను చెప్పింది చెక్క సంగతి అప్పా."

బయట చెరుకు మిషన్ గజ్జెలు గలగలమంటున్నాయి. గ్లాసు పట్టుకుని సంహిత బండివాడితో ఏదో చెబుతూ నవ్వుతోంది. శేషఫణి గుమ్మం దగ్గరికి జరిగి, వెలుతురులో కూర్చుని, గిటారును ఒళ్లో బోర్లించుకున్నాడు. దాని వీపు మీద బొటనవేలు పెట్టి, చారలకు అడ్డంగా, మెల్లగా వెతికాడు. పైనుంచి కింది దాకా వెతికి, మళ్లీ పైకి వచ్చాడు.

పాప రుద్దిన నాలుగు గీతలుండాలి అక్కడ. ఒక్కటి కూడా దొరకలేదు.