ఏడో తొట్టి నీళ్ళు

నందియుడికి నాలుగు రోజులుగా కంటిమీద కునుకు లేదు. ఏడో తొట్టిలో నీళ్ళు ఎవరో దొంగిలిస్తున్నారు.

దొంగిలించడానికి ఆ కొండమీద ఇంకేముంది గనక! సముద్రం ఒడ్డున బోడికొండ, దానిమీద ఒక బౌద్ధ విహారం, అందులో పదకొండుమంది భిక్షువులు. బంగారం లేదు, ధాన్యం లేదు, తలుపులకు గడియలు కూడా లేవు. ఉన్న ఆస్తల్లా రాతిలో తొలిచిన ఏడు తొట్లు. వానాకాలంలో అవి నిండితే మళ్ళీ వానలు వచ్చేదాకా అవే దిక్కు. చుట్టూ కనుచూపు మేర నీళ్ళేగానీ, గుక్కెడు తాగడానికి పనికిరావు.

ఆ ఏడు ఎండలు మరీ ముదిరిపోయాయి. ఆరు తొట్లు అడుగంటాయి. అన్నిటికంటే ఇరుకైన ఏడో తొట్టి ఒక్కటే మిగిలింది. వానలకు ఇంకా నెల్లాళ్ళుంది. ఈలోగా నీళ్ళు అయిపోతే విహారం ఖాళీ చేసి, రెండు రోజుల దూరంలో ఉన్న ఏటి ఒడ్డు విహారానికి నడిచి పోవాలి. మిగతావాళ్ళు నడుస్తారు. సుమన థేరుడు ఎలా నడుస్తాడు?

థేరుడంటే విహారానికి పెద్ద. నందియుడికి గురువు. ఎనభై దాటాయి, మోకాళ్ళు మొరాయించి మూడేళ్ళయింది. "నీళ్ళయిపోతే నన్నిక్కడే వదిలేసి పొండర్రా, సముద్రం తోడుంటుంది" అని నవ్వేవాడాయన. ఆయన నవ్వినప్పుడల్లా నందియుడి గుండెల్లో రాయి పడేది. ఆయన లేని విహారం అతనికి అక్కర్లేదు.

నీళ్ళ పని నందియుడిదే. ఆ పనిలో అతనికి పేరుంది, ఆ పేరు అతనికీ తెలుసు. భిక్షువులకు ఒక నియమం ఉంది: నీళ్ళు వడగట్టకుండా తాగకూడదు. నీళ్ళలో కంటికి ఆనీ ఆనని పురుగులుంటాయి, మన దాహానికి వాటి ప్రాణం పోకూడదు. అందరూ ఒక మడత గుడ్డతో వడగడితే మనవాడు నాలుగు మడతలు వేసేవాడు. వడగట్టడం, గుడ్డని బండమీద ఫట్‌ఫట్‌మని రెండు దులుపులు దులపడం, ఆరేయడం. "ఈ కొండమీద నా చేతుల్లో ఒక్క ప్రాణి చావలేదు" అని కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్పుకునేవాడు. చెప్పుకుంటే చెప్పుకున్నాడు లెండి, పని మాత్రం ఒళ్ళు వంచి చేసేవాడు.

అలాంటివాడు వెదురుకర్రకి గాట్లు పెట్టి రోజూ తొట్టి లోతు కొలుస్తున్నాడు. వారం తిరిగేసరికి, వాడకం పోను, లెక్కకి వేలు మందం తక్కువొచ్చింది. "ఎండకి ఆరిపోయి ఉంటాయి" అన్నాడొక భిక్షువు. తాటాకు తడక కప్పాడు. మళ్ళీ వారానికి మళ్ళీ వేలు మందం!

ఇక అనుమానం నూకాలు మీదికి పోయింది.

కొండ కింద ఉప్పు పండించేవాళ్ళ పల్లె ఒకటుంది. భిక్షువులు రోజూ అక్కడికే భిక్షకి వెళ్తారు. థేరుడు కొండ దిగలేడు కాబట్టి ఆయన అంబలి ఆ పల్లెలో ఉండే నూకాలే కుండలో మోసుకుని మూడొందల మెట్లూ ఎక్కి వస్తుంది. వచ్చేటప్పుడు కుండ నిండుగా ఉంటుంది. పోయేటప్పుడు ఖాళీ. ఖాళీగానే పోతోందా?

ఒకరోజు మెట్ల దగ్గర అడ్డం నిలబడ్డాడు.

"నీ కుండ లోపల తడిగా ఉందేమిటమ్మా?"

"అంబలి పోసి కడిగిన కుండ తడిగా కాక పొడిగా ఉంటాదేటి సామీ?" అందామె.

"తొట్టిలో నీళ్ళు తగ్గుతున్నాయి. కొండమీదికి బయటనుంచి వచ్చేదానివి నువ్వొక్కదానివే."

నూకాలుకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక కుండ దించి నడుంమీద చెయ్యేసింది.

"ఏటేటి? నాను దొంగనా? మా ఇసక సెలమలో ఒక్క కుండ ఊరాలంటే జాము పడతాది సామీ! సిప్పతో తోడుకుంటాం. ఆ నీళ్ళతోనే మీకు అంబలి కాసి పోస్తన్నాం. మీ నీళ్ళు మాం దొంగిలించడవేటి, మా నీళ్ళు మీరు రోజూ తాగతన్నారు గదా!"

అని విసవిసా దిగిపోయింది. నందియుడికి ముఖం మాడిపోయింది, కానీ ఒప్పుకోబుద్ధి కాలేదు. దొరికినవాళ్ళందరూ అలాగే అరుస్తారు అనుకున్నాడు.

మర్నాటినుంచి నూకాలు మెట్లెక్కడం మానేసింది. అంబలి మానలేదు సుమా. కుండ తెచ్చి కొండ మొదట్లో పెట్టి పోయేది. నందియుడు మూడొందల మెట్లు దిగి, ఆ కుండ నెత్తిన పెట్టుకుని, మూడొందలూ ఎక్కేవాడు. మూడో రోజుకి పిక్కలు పట్టేశాయి. గురువుగారు అంబలి తాగుతూ, "ఈమధ్య నువ్వే తెస్తున్నావే?" అన్నారు. నందియుడు నీళ్ళు నమిలాడు.

వారం తిరిగింది. వెదురుకర్ర దించి చూశాడు. లెక్కకి మళ్ళీ వేలు మందం తగ్గింది.

నూకాలు కొండెక్కి వారమైంది. మరి దొంగెవరు?

ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే నీళ్ళు తోడి, వడగట్టి, గుడ్డ దులిపి ఆరేశాడు. కుండ లోపల పెట్టి, చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చి బండ చాటున నక్కాడు. బండలు పెనంలా కాలుతున్నాయి. భిక్షువులందరూ గుహల్లో నీడపట్టున ఉన్నారు. కాసేపటికి కర్ర టకటకలాడుతూ వినిపించింది.

సుమన థేరుడు!

ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో భిక్షాపాత్ర. ఆగి ఆగి తొట్టి దగ్గరికి వచ్చారు. తడక తీసి పాత్ర నిండా నీళ్ళు ముంచారు. ఆరేసిన గుడ్డని ముందు ఆ పాత్రలోనే జాడించారు. తర్వాత నందియుడు గుడ్డ దులిపిన చోటికి వచ్చి, "అబ్బా, అమ్మా" అనుకుంటూ మోకాళ్ళమీద కూలబడ్డారు. తడి ఇంకా ఆరని ఆ మచ్చమీద నీళ్ళు సన్నగా పోయడం మొదలుపెట్టారు. నీళ్ళు వాలుగా పారి బండ నీడలో ఉన్న చిన్న గుంటలోకి చేరుతున్నాయి. పాత్ర అయిపోతే లేచి మళ్ళీ తొట్టి దగ్గరికి. మళ్ళీ "అబ్బా, అమ్మా". అలా మూడుసార్లు!

నందియుడు ఆగలేకపోయాడు. "భంతే! మీరా!"

థేరుడు ఉలిక్కిపడి, వెంటనే నవ్వేశారు. "దొరికిపోయాను. సరే, వచ్చావు కదా, కాస్త ఇటు నిలబడు. నీ నీడ ఇక్కడ పడాలి. నువ్వు మంచి పొడుగరివి."

నందియుడు గొడుగులా నిలబడ్డాడు. మాడు మాడిపోతోంది. వంగి గుంటలోకి చూశాడు. దారప్పోగుల్లాంటి ఎర్రటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. నీటి ఈగలు గిరగిరా తిరుగుతున్నాయి. గింజంత కప్పపిల్లలు తోకలు ఆడిస్తున్నాయి. గుంట అంచున ఒక తొండ, రెండు పిచ్చుకలు తమ వంతుకోసం చూస్తున్నట్టు కూర్చున్నాయి.

"ఇవన్నీ ఎక్కడివి భంతే?"

"నువ్వు వడగట్టినవే నాయనా."

నందియుడు బండవైపు చూశాడు. తను రోజూ గుడ్డ దులిపే చోటు. చెయ్యి ఆనిస్తే బొబ్బలెక్కే బండ. గొంతులో పడి చావకూడదని నాలుగు మడతల్లో పట్టి, తెచ్చి, ఆ పెనంమీద కొట్టేవాడు. ఒకరోజు కాదు, రెండేళ్ళు. గురువుగారి పక్కనే కూలబడ్డాడు.

"ఎన్నాళ్ళ నుంచి పోస్తున్నారు?"

"నీకు ఈ పని అప్పజెప్పిన మర్నాటి నుంచి."

"ఒక్క మాట చెబితే పోయేది కదా! ఈ మోకాళ్ళతో ఇన్నిసార్లు..." నందియుడికి ఏడుపొచ్చేసింది.

"చెబుదామనే వచ్చాను మొదటిరోజు. తీరా వచ్చి చూస్తే, చెప్పడం కంటే నీళ్ళు పోయడం తొందర పని అనిపించింది. ఆ తర్వాత రోజూ అంతే అయింది. ముందు నన్ను లేవదియ్యి."

ఆరోజునుంచి గుడ్డ దులపడం ఆగిపోయింది. వడగట్టిన వెంటనే తొట్టిలోనే తిరగేసి జాడించేవాడు. గుంటమీద మొగలి ఆకులు కప్పాడు. నీళ్ళు మాత్రం లెక్క ప్రకారం దిగుతూనే పోయాయి. వానలకి ఇంకా పదిరోజులుందనగా తొట్టి అడుగు గరుకుమంది. గుంటలో దోసెడు నీళ్ళున్నాయి గానీ, వాటిని ముట్టుకుందామని ఎవరూ అనలేదు.

భిక్షువులు ప్రయాణానికి కాషాయ చీవరాలు సర్దుకుంటున్నారు. నందియుడు గురువుగారి ముందు వీపు తిప్పి కూర్చున్నాడు. "ఎక్కండి భంతే. మోసుకుపోతాను."

"రెండు రోజులా? దారిలో నన్ను పారేస్తావు. దానికంటే కిందికి వెళ్ళి నూకాలుని అడుగు."

"ఏ మొహం పెట్టుకుని అడగను?"

"ఉన్న మొహమే పెట్టుకుని వెళ్ళు నాయనా. ఇంకోటి ఎక్కణ్ణుంచి తెస్తావు?"

వెళ్ళాడు. నూకాలు చెలమ పక్కన కూర్చుని కొబ్బరిచిప్పతో నీళ్ళు తోడుతోంది. అతను దగ్గరికి వచ్చినా తల కూడా ఎత్తలేదు.

"ఏటి సామీ? ఇంకా ఏటి పోనాయి?"

"తప్పయిపోయింది తల్లీ. దొంగవి కాదు నువ్వు. నాకే కళ్ళు లేవు." ఆపైన ఎలా అడగాలో తెలియక ఖాళీ కుండ పట్టుకుని నిలబడ్డాడు. "తొట్టి ఎండిపోయింది."

చిప్ప ఆగింది. "మరి ముసిలి సామి?"

నూకాలు లేచి పల్లెవైపు తిరిగి ఒక్క కేక పెట్టింది. సాయంత్రానికి నాలుగు కుండలు కొండెక్కాయి. చెలమలో నీళ్ళేమీ ఎక్కువ ఊరలేదు. వానలదాకా రోజూ ఇంటికో కుండ తగ్గించుకుందామనుకున్నారంతే. కట్టిన మూటలన్నీ భిక్షువులు విప్పేశారు. థేరుడు కాస్త ఉప్పదనం ఉన్న ఆ చెలమ నీళ్ళు పాత్ర అడుగుదాకా తాగి హాయిగా నడుం వాల్చారు.

మర్నాడు పొద్దున నూకాలు చెలమ దగ్గరికి వచ్చేసరికి నందియుడు ఆయాసపడుతూ మెట్లు దిగి వస్తున్నాడు. చేతిలో కుండ లేదు. తడిగుడ్డ ఒకటి, ఆరిపోకుండా ఆకులో చుట్టి, రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఇదేటి సామీ! ఈ గుడ్డపీలిక కోసం మూడొందల మెట్లు దిగినారా?"

"మీ ఊరివాళ్ళమ్మా" అన్నాడు నందియుడు. "ఇంటికి దిగబెట్టి పోదామని వచ్చాను."

నూకాలు నవ్వబోయింది. అతని ముఖం చూసి ఆగింది. గుడ్డవైపు వంగి చూసింది. నిన్నటి చెలమ నీళ్ళలోని సన్నటి పురుగులు మడతల్లో మెలికలు తిరుగుతున్నాయి. కుండ పక్కకు జరిపి, చెలమ అంచున అతనికి చోటిచ్చింది.